ఖాళీ ఇంటి బాకీ

ముందు ఒక విషయం తేల్చేస్తాను. ఆ రోజు పెన్షన్ అదాలత్‌లో నాకు పూనకం రాలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళ ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ బారసాలకి వెళ్ళినా ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. అమ్మవారు నా మీదికి వచ్చిందట. నేను జుట్టు విరబోసుకున్నానట. బల్ల గుద్ది, "నా ఇంటికి నన్నే అద్దె అడుగుతావా" అని పెద్ద సాహెబు మీద ఉరిమానట. ఆయన వణికిపోయి, లేచి దండం పెట్టి, ముసలమ్మ బాకీ అక్కడికక్కడే కొట్టేశాడట. ఈ కథ చెప్పేవాళ్ళలో చాలామంది ఆ రోజు హాల్లో లేరు. ఉన్నవాళ్ళలో కొందరు ఆ సమయానికి బయట సమోసాలు తింటున్నారు.

జుట్టు విషయానికొస్తే, ఆ రోజు నేను తలకి ఆముదం పట్టించి బిగించి జడ వేసుకున్నాను. దాన్ని విప్పాలంటే అమ్మవారికి కూడా ఇంకో మనిషి సాయం కావాలి. బల్ల గుద్దలేదు, దాని మీద ఫైళ్ళు ఉన్నాయి, అవి మళ్ళీ సర్దుకోవలసింది నేనే. గొంతు పెద్దదన్నది మాత్రం నిజం. కాని అది నా మామూలు గొంతే. మా ఆఫీసులో అందరూ రోజూ వినేవారు. ఒక్కరోజు కూడా ఎవరూ హారతి ఇవ్వలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న కాలనీ పిల్లలు మీరు. తెలుగు కూడబలుక్కుని చదువుతారని తెలుసు. కూడబలుక్కునే చదవండి, లేదా అమ్మ చేత చదివించుకుని వినండి. హిందీలో మటుకు రాయను. కారణం ఆ ముసలమ్మే చెప్పింది, అక్కడికి వస్తాను.

నేను పనిచేసింది పెన్షన్ సెక్షన్‌లో. బి.కాం. చదివిన ఆడపిల్ల కదా, లెక్కలు చూసుకుంటూ నోరు మూసుకుని కూర్చుంటుందని ఇచ్చారు. మొదటిది చేశాను. తొంభైల మొదట్లో నాకు వసూళ్ళ టేబులు అప్పగించారు. రిటైరైనవాళ్ళు సర్కారుకి ఏదైనా బాకీ పడితే వాళ్ళకొచ్చే డబ్బులోంచే రాబట్టే పని. ఇందులో ఒక తమాషా ఉంది. అసలు పెన్షన్ జోలికి పోకూడదు, అది చట్టం. కాని పెన్షన్ పక్కన, ధరలు పెరిగినప్పుడల్లా కలిపే కరువు భృతి ఒకటి ఉంటుంది. దాన్ని రిలీఫ్ అనేవాళ్ళం. బాకీ తేలిందంటే ఆ రిలీఫ్ కోసుకోవచ్చు. పెన్షనుదారుని ఒప్పించనక్కర్లేదు, ఒక ఉత్తరం ముక్క పంపితే చాలు. అంటే విస్తట్లో అన్నం ముట్టుకోరు, కూర లాగేస్తారు. ముద్ద దిగితే అది మీ అదృష్టం.

వసూలే అన్యాయమని ఏడ్చే రకాన్ని కాను నేను. ఒక గార్డు బాబు రిటైరై ఏళ్ళు గడిచినా క్వార్టరు వదల్లేదు. ముందు గదిలో గేదెల్ని కట్టి, ఆఫీసర్ల బంగళాలకే పాలు పోసేవాడు. ఆయన రిలీఫ్ కోయమని బ్యాంకుకి ఉత్తరం రాసిన రోజు ఇంట్లో పాయసం వండుకున్నాను. ఆ పాలు మాత్రం ఆయన దగ్గరివి కావు.

అలాంటి టేబులు దగ్గరికి ఒక మధ్యాహ్నం తఖత్‌పూర్ బస్సు దిగి మా పెద్దమ్మ వచ్చింది. సొంత పెద్దమ్మ కాదు, కాలనీలో పక్క క్వార్టరావిడ. శ్రీకాకుళం వైపు మనిషి. వాళ్ళాయన లోకో షెడ్డులో ఫిట్టరు. రిటైరయ్యాక క్వార్టరు వదిలి, కూతురికి దగ్గరగా ఉంటుందని తఖత్‌పూర్‌లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. మరుసటి ఏడు ఆయన పోయాడు. ఆవిడకి కుటుంబ పెన్షన్ వస్తోంది.

వచ్చీ రాగానే నా ఎదుటి కుర్చీలో కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఏటే గుంటా, నన్ను దొంగని సేసీసినారు?"

"ఏమైంది పెద్దమ్మా?"

"బేంకులో డబ్బులు తగ్గించీసినారు. ఎందుకు బాబూ అనంటే, ఆ గుమస్తా కుర్రోడు లైన్లో అందరూ ఇనేటట్టు 'అమ్మా, తుమ్ సర్కార్ కీ బకాయాదార్ హో' అన్నాడే. నానేటి, బకాయాదార్నేటి? నానెవులికీ కాణీ బాకీ లేను."

ఫైలు తీశాను. నాకంటే ముందు ఆ టేబులు చూసిన మహానుభావుడు రాసిపెట్టి పోయిన వసూలు. ఆడిట్ వాళ్ళు వచ్చి క్వార్టర్ల లెక్క చూస్తే, ఫిట్టరు గారు రిటైరయ్యాక ఇచ్చే గడువు దాటాక కూడా కొన్ని నెలలు క్వార్టరు పట్టుకుని కూర్చున్నట్టు తేలిందట. గడువు దాటితే మామూలు అద్దె కాదు, డ్యామేజ్ రెంటు, దానికి ఎన్నో రెట్లు. ఆయన గ్రాట్యుటీ అప్పటికే ఇచ్చేశారు, పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇల్లు ఖాళీ కాకుండా గ్రాట్యుటీ ఎలా ఇచ్చారని అడక్కండి. ఒక సెక్షన్ చేసింది రెండో సెక్షన్‌కి తెలిస్తే అది ఆఫీసెలా అవుతుంది? అందుకని భార్య రిలీఫ్ మీద పడ్డారు. ఆ కోత ఏళ్ళ తరబడి సాగుతుంది. మిగిలినదానితో ఆవిడ ఇంటద్దె కడితే పొయ్యి వెలగదు, పొయ్యి వెలిగిస్తే ఇంటివాడు ఊరుకోడు.

మా హెడ్ క్లర్క్‌కి చూపించాను. రతన్‌పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దమనిషి, పాన్ బుగ్గన పెట్టుకుని మాట్లాడేవాడు. ఫైలు తిరగేసి ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"మేడమ్‌జీ, కాగజ్ బోల్‌తా హై."

"కాగితం ఎవరు రాస్తే వాళ్ళ మాటే మాట్లాడుతుంది సార్. నేను పక్కింటిదాన్ని. నా మాట వినండి."

వినలేదు. ఇక్కడ మీరు వినండి.

మన కాలనీలో అమ్మవారి సంబరం సంగతి మీకు తెలుసు. ఉగాది వెళ్ళాక ఒక ఇంట్లో ఘటం నిలబెడతారు. ఆ ఘటం మళ్ళీ కదిలేది అనుపు రోజునే, అంటే అమ్మవారిని సాగనంపే రోజున, ఊరేగింపుగా. ఆ లోపల దాన్ని పక్క గదిలోకి కూడా జరపరు. దీపం ఆరకూడదు, తలుపుకి తాళం పడకూడదు. ఆ ఏడు ఘటం నిలిపింది ఫిట్టరు గారింట్లో. ఆయన రిటైరయ్యే ఏడు కదా, ఆ భాగ్యం ఆయనకే ఇవ్వాలన్నారు. అనుపు అయ్యాక కూడా గడువు బోలెడు మిగులుతుందని లెక్క.

ఆ లెక్క వేసినవాళ్ళు మనవాళ్ళ పౌరుషం కలుపుకోలేదు. అనుపు రోజు ముందుగా ఘటం ఎవరు ఎత్తుకోవాలి? లోకో షెడ్డువాళ్ళు మేమన్నారు. పెట్టెలు రిపేరు చేసే క్యారేజీవాళ్ళు మేమన్నారు. పంచాయితీ పెట్టారు, చెడింది. రెండోసారి పెట్టారు, కుర్చీలు విరిగాయి. ఈలోగా వానలు పట్టుకున్నాయి. ఫిట్టరు గారు నిక్కచ్చి మనిషి, గడువు రాకముందే సామాను బండెక్కించి, తాళం చెవి క్వార్టర్లు చూసుకునే వర్క్స్ ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. రోజూ దీపం, పువ్వులు పెట్టే పని పక్కింటి మా మీద పడింది. ఇన్‌స్పెక్టరూ మనవాడే. క్వార్టరు ఖాళీ అయిందని కాగితం రాస్తే మర్నాడే ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఆ వచ్చినవాడు ఘటం పక్కన మంచం వేస్తాడు. అందుకని తాళం చెవి మొలతాడుకి కట్టుకుని, కాగితం రాయకుండా ఊరుకున్నాడు. కాగితం దృష్టిలో ఫిట్టరు గారు అక్కడే కాపురం ఉన్నారు. చివరికి దసరా ముందు, రెండు జట్లూ చెరో కొమ్మూ పట్టుకున్నట్టు ఘటం పట్టుకుని అనుపు జరిపించారు. ముందు ఎత్తింది మేమేనని ఇవాళ్టికీ ఇద్దరూ అంటారు.

ఇంత పెద్ద కాలనీ, ఇంతమంది చదువుకున్నవాళ్ళు. అమ్మవారి కోసం దెబ్బలాడుకుంటూ అద్దె మీటరు ఎవరి పేరున తిరుగుతోందో ఒక్కడూ చూడలేదు.

పెద్దమ్మ సంగతి తెలిసి రెండు జట్ల పెద్దలూ మా ఇంటికి వచ్చారు. చందా వసూలు చేశారట. ఆ డబ్బుతో బాకీ కట్టేద్దామన్నారు. అప్పుడూ పోటీయే, షెడ్డువాళ్ళు ఎంత వేశారో కనుక్కుని క్యారేజీవాళ్ళు దాని మీద ఒక నోటు వేశారు. పెద్దమ్మ డబ్బు వంక చూడను కూడా లేదు.

"చందాలు సంబరానికి ఎయ్యండి నాయినా, నాకెందుకు? బాకీ కడితే బాకీ ఉన్నట్టే గదా. ఆయన తాళం సెవి ఇచ్చీసి ఎల్లిపోనాడు. సచ్చిపోయినోడి మీద అప్పు రాయించమంటారేటి?"

"అయితే పెద్దమ్మా, అక్కడున్నది నువ్వు కాదు, అమ్మవారని చెబుతాను" అన్నాను.

ఆవిడ నా మీదికి లేచింది. "ఓలమ్మ, ఓలమ్మ! అమ్మోరు బాకీ పడిందని రాయిస్తావేటే? నోరు కడుక్కో!"

చూశారా నా పరిస్థితి? ఆవిడ ఉందనకూడదు, అమ్మవారు ఉందనకూడదు, ఎవరో ఒకరు ఉన్నారని ఆడిట్ అంటోంది. ఇన్‌స్పెక్టర్ని ఇరికిస్తే అతని ఉద్యోగానికి ఎసరు. నాలుగు గోడల మధ్య వాదన ఏదీ మిగల్లేదు. అయినా ఫిర్యాదు రాసి, వేలిముద్ర వేయించి, అదాలత్‌కి పెట్టించాను.

అదాలత్ అంటే ఏడాదికోసారి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆఫీసర్లు కొలువుతీరి పెన్షనుదార్ల మొర వినడం. వేదిక మీద మధ్యలో పెద్ద సాహెబు. లక్నో వైపు మనిషి, ఒకసారి బదిలీ మీద వెళ్ళి ఇంకా పెద్ద కుర్చీలోకి తిరిగొచ్చాడు. ఆయన పక్కన మా అకౌంట్స్ ఆఫీసరు, బెంగాలీ, నవ్వడం కూడా రూలు చూసుకుని నవ్వేవాడు. ఆయన వెనక ఫైళ్ళు పట్టుకుని నేను. నా పని ఫైలు అందించడం. నోరు ఆ పనిలో భాగం కాదు.

పెద్దమ్మ పేరు పిలిచారు. కొత్త నేత చీర కట్టుకుని వచ్చి నిలబడి తెలుగులో మొదలుపెట్టింది. పెద్ద సాహెబు ఆపి, "మాతాజీ, హిందీ నహీ ఆతీ?" అని అడిగాడు. నలభై ఏళ్ళు బిలాస్‌పూర్ బజార్లో బేరమాడిన మనిషి, హిందీ రాకపోవడమేమిటి? నా వైపు తిరిగి అంది.

"సెప్పే. హిందీ వొస్తాది గాని కోపం హిందీలో రాదని సెప్పు."

చెప్పాను. హాలంతా నవ్వింది. సరే, నువ్వే అనువాదం చెయ్యమని నాకు పురమాయించారు. చేశాను. కొంచెం ఎక్కువ చేశాను.

అకౌంట్స్ ఆఫీసరు వర్క్స్ ఇన్‌స్పెక్టర్ని లేపాడు. తాళం చెవి ఎవరికి ఇచ్చారు? "నాకే ఇచ్చారు సార్, గడువులోనే." ఖాళీ కాగితం ఎందుకు రాయలేదు? ఇన్‌స్పెక్టరు ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను ఏమీ చెప్పలేదు. "సార్, లోపల ఘటం ఉంది" అన్నాడు. ఘటమంటే ఏమిటో నేను వివరించాను. అన్ని నెలలు ఎందుకుందని పెద్ద సాహెబు అడిగాడు. ఇన్‌స్పెక్టరు నడవాకి అటూ ఇటూ కూర్చున్న రెండు జట్ల వైపూ చెయ్యి చూపించాడు. "వాళ్ళనడగండి సార్."

అడిగారు. ఎందుకడిగారురా దేవుడా!

"మా సెడ్డోళ్ళదే పెద్ద సంబరం సార్! ఈళ్ళు మజ్జిన వొచ్చినారు!"

"మీ సెడ్డు ఎప్పుడో మూసీసినారు కదరా, ఇంకా పెద్దేటి, చిన్నేటి?"

"మూసీసినా ఘటం మాదే!"

తెలుగు ఒక్క ముక్క రాకపోయినా పెద్ద సాహెబుకి మొత్తం అర్థమైపోయింది. బల్ల మీద పెన్నుతో కొట్టి అందర్నీ కూర్చోబెట్టాడు. "బస్. క్వార్టరు ఎవరో వాడుకున్నారు. వాడుకున్నవాళ్ళు కట్టాలి. ఎవరు వాడారు, చెప్పండి" అన్నాడు.

ఆ క్షణం దాకా మాది మాదని అరిచినవాళ్ళందరూ చెప్పుల వంక చూసుకున్నారు. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. "అమ్మోరి పేరెత్తేవంటే సూడు" అంది లోగొంతుకతో. పట్టిన కొంగు వదల్లేదు. ఆవిడ భయం డబ్బు గురించి కాదు. హాల్లో అందరి ముందూ మొగుడి పేరు మీద బకాయాదారన్న మాట ముద్ర పడిపోతోంది. అది మళ్ళీ చెరగదు.

అప్పుడు నాకు టీ గుర్తొచ్చింది.

"సార్, అనుపు రోజు మీరు ఆ ఇంటికి వచ్చారు" అన్నాను.

పెద్ద సాహెబు కళ్ళజోడు పైనుంచి చూశాడు. అప్పట్లో ఆయన చిన్న ఆఫీసరు, ముఖ్య అతిథిగా పిలిచారు. "మీకు పసుపు గుడ్డ తలపాగా చుట్టారు. కొబ్బరికాయ కొట్టించారు. మొదటి దెబ్బకి పగల్లేదు."

"దూస్‌రే మే టూటా థా" అన్నాడు వెంటనే. ఆఫీసరైనా మగవాడే కదా.

"అవును సార్, రెండో దెబ్బకి. ఆ తర్వాత మీకు టీ ఇచ్చారు. ఆ టీ ఎక్కడినుంచి వచ్చింది?"

మా అకౌంట్స్ ఆఫీసరు మెడ తిప్పి నన్ను చూశాడు. ఒక గుమస్తా, అందునా ఆడగుమస్తా, డివిజన్ పెద్దని బోనులో నిలబెట్టినట్టు అడుగుతోంది.  పెద్ద సాహెబు మొహం మెల్లగా విచ్చుకుంది.

"దీవార్ కే ఊపర్ సే! గోడ మీంచి ఒక చెయ్యి గ్లాసు అందించింది. అరే బాప్‌రే, కిత్‌నీ అద్రక్ థీ ఉస్ మే!"

ఆ చెయ్యి మా అమ్మది. అల్లం కూడా మా అమ్మదే. జలుబు ఉన్నా లేకపోయినా ఆవిడ టీలో అంత వేస్తుంది. సాహెబు ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గితే భక్తి అనుకున్నారు కాలనీవాళ్ళు.

"మీరు కూర్చున్న కుర్చీ సార్?"

"వో భీ దీవార్ సే."

"కాళ్ళు కడుక్కున్న బకెట్టు?"

"వో భీ!" అని ఆయనే నవ్వేశాడు.

"కాపురం ఉన్న ఇంట్లో ఒక గ్లాసు ఉండదా సార్? ఒక కుర్చీ, ఒక బకెట్టు ఉండవా? ఈవిడ ఆ రోజు తఖత్‌పూర్ నుంచి బస్సులో వచ్చి మీ వెనకే నిలబడింది. మీలాగే అతిథి."

నేను అక్కడితో ఆగి ఉంటే పూనకం కథ పుట్టేది కాదు. పెద్ద సాహెబు నవ్వు తగ్గించుకుని, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, మరి నువ్వు తాళం ఎందుకు వేయలేదని కటువుగా అడిగాడు. ఇన్‌స్పెక్టరు మొహం పాలిపోయింది. నా నోరు ఊరుకోలేదు.

"తాళమెందుకు వేయలేదని ఆయన్ని అడిగితే, తాళం లేని ఇంట్లో కొబ్బరికాయ ఎందుకు కొట్టారని మిమ్మల్నీ అడగాలి సార్."

 వెనక వరసలోంచి ఎవరో ఆడమనిషి, "ఓలమ్మ, అమ్మోరొచ్చీసినాదే!" అంది. అంతే. అదీ పూనకం పుట్టిన కథ. ఆవిడ ఎవరో దొరికితే ఇప్పటికైనా నాలుగు మాటలు అడుగుదామని ఉంది.

పెద్ద సాహెబు దండం పెట్టలేదు. ముందుకి వంగి, బల్ల మీద చేతులు పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. ఆయన నవ్వితే మిగతా ఆఫీసర్లకీ నవ్వు వచ్చింది, అది కూడా ఒక సర్వీసు రూలే. మా బెంగాలీ ఆఫీసరు మాత్రం నవ్వకుండా ఫైలు నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇందులోకి దేవుళ్ళని లాగనక్కర్లేదు. డ్యామేజ్ రెంటు కాపురం ఉన్నందుకు. కాపురం ఎవరూ లేరు. సాక్షి స్వయంగా మీరే సార్. క్వార్టరు ఖాళీ. వసూలు ఆపాలి, కోసింది తిరిగి ఇవ్వాలి" అని గబగబా చెప్పి రాయించాడు. ఇన్‌స్పెక్టరుకి ఇకముందు జాగ్రత్తగా ఉండమని మందలింపు. న్యాయమంతా ఆయన నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. నా ఉపన్యాసం అంతా వృథా అయిందేమోనని కాసేపు నాకు చిన్నతనం వేసింది కూడా.

బయటికి రాగానే రెండు జట్లూ పెద్దమ్మని చుట్టుముట్టాయి. చందా డబ్బు అలాగే ఉంది. వెనక్కి తీసుకుంటే ఎదుటి జట్టు ముందు తీసికట్టవుతామని ఎవరూ తీసుకోరు. పెద్దమ్మే తీర్పు చెప్పింది. "భోజనాలెట్టండి. రెండు జట్లూ ఒకే బంతిలో కూకోండి." ఆదివారం ఇన్‌స్టిట్యూట్ మైదానంలో పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళం. మా హెడ్ క్లర్క్ రతన్‌పూర్ నుంచి సెలవు రోజున పనిగట్టుకుని వచ్చి బూరెలు తిన్నాడు. కాగజ్ ఏమంటోందని అడిగితే పాన్ నోటితో తల ఊపాడు. మొదటి బంతిలో మొదటి విస్తరి ఎవరిదని మళ్ళీ గొడవ మొదలైతే, పెద్దమ్మ తనే వెళ్ళి అక్కడ కూర్చుంది.

ఇదీ జరిగింది. ఇందులో పూనకం ఎక్కడుంది? ఆఫీసులో ఒక ఆడది సూటిగా నాలుగు ప్రశ్నలు వేస్తే, అవి ఆవిడే వేసిందని ఒప్పుకోవడం కంటే దేవత దిగిందనుకోవడం జనానికి సుళువు. దేవతకి ప్రమోషన్ ఇవ్వనక్కర్లేదు గదా. పిల్లలూ, రేపు మీ ఆఫీసుల్లో ఎవరైనా ఆడపిల్ల ఇలా మాట్లాడితే ఆ మాట ఆమె ఖాతాలోనే వేయండి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. మరుసటి నెల పూర్తి పెన్షన్, కోసిన బకాయీ కలిపి తీసుకున్న రోజున పెద్దమ్మ మిఠాయి పొట్లంతో మా సెక్షన్‌కి వచ్చింది. బ్యాంకు గుమస్తా ఈసారి లైన్లో అందరి ముందూ "నమస్తే అమ్మా" అన్నాడట. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆర్డరు కాగితం నా ముందు పెట్టి, ఏం రాశారో తెలుగులో చెప్పమంది. చదివి చెప్పాను. సదరు క్వార్టరు ఆ కాలంలో పూర్తిగా ఖాళీగా ఉన్నట్టు విచారణలో తేలినందున...

"ఆగు. కాళీ యేటి?"

"ఎవరూ లేరని పెద్దమ్మా. అలా రాస్తేనే బాకీ పోయింది."

"ఎవులూ నేరా? దీపం ఎలిగింది. గుమ్మానికి పసుపు రాసినాం. నువ్వు రోజూ నీ సేత్తో పువ్వులెట్టినావు గదే."

"కాగితం కోసం పెద్దమ్మా."

ఆవిడ కాగితం మడత పెట్టుకుంది, జాకెట్లో దోపుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.  ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నాను, వాదించడానికి బోలెడు తీరిక దొరికింది, ఈ రోజుకీ ఆ ప్రశ్నతోనే వాదిస్తున్నాను. మీలో ఎవరికైనా జవాబు తెలిస్తే చెప్పండి.

"అది కాళీ ఇల్లయితే, మీ సాయేబు కొబ్బరికాయ ఎవులికి కొట్టినాడే?"